పబ్‌జీ లాబీలో విన్న ‘ఆన్ మై వే’... ఇప్పుడైనా సరిగ్గా విందాం!

2019లో సికింద్రాబాద్‌లో ఇంటర్ చదువుతూ, చేతిలో ఓ మోస్తరు ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న కుర్రాళ్లలో ఎవర్ని కదిపినా ఒక ట్యూన్ ఈల వేసి వినిపిస్తారు. పాట పేరు అడిగితే సగం మంది చెప్పలేరు. ‘పబ్‌జీ పాట బ్రో’ అంటారు, అంతే. అది అలన్ వాకర్, సబ్రీనా కార్పెంటర్, ఫరూకో కలిసి చేసిన ‘ఆన్ మై వే’. పబ్‌జీ మొబైల్ మొదటి పుట్టినరోజు సమయంలో, 2019 మార్చి 21న విడుదలైంది. గేమ్ ఓపెన్ చేస్తే లాబీలోనే వినిపించేది.

ఫోన్లు, గ్యాడ్జెట్ల సైట్‌లో ఒక పాట మీద ఇంత పెద్ద ఆర్టికల్ ఎందుకంటే, ఆ పాటని మనలో చాలామంది ఇప్పటికీ పూర్తిగా వినలేదు. ఫోన్ అడుగున ఉండే ఒకే ఒక్క స్పీకర్‌లో, అవతల ముగ్గురు ఫ్రెండ్స్ మైక్ ఆన్ చేసి అరుస్తుంటే, ‘స్టార్ట్’ నొక్కేలోపు ఎంత వినిపిస్తే అంతే విన్నాం. ఇప్పుడు అదే కుర్రాళ్లు బెంగళూరులో ఉద్యోగానికో, అమెరికాలో ఎంఎస్‌కో బ్యాగ్ సర్దుకుంటున్నారు. ఆ పాట చెప్పే విషయం మొదటి నుంచీ ఇదే. ఇక మాటలొద్దు, నన్ను నేనే చూసుకోవాలి, నేను బయల్దేరుతున్నాను అని. లాబీలో కూర్చున్నప్పుడు ఆ మాటలు ఎవరికి ఎక్కాయి?

ఆ మార్చి నెల

2019 మార్చి నాటికి మన చేతుల్లో ఏమున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. రెడ్‌మీ నోట్ 7 ప్రో అప్పుడే ఫిబ్రవరి 28న 13,999 రూపాయల ధరతో వచ్చింది. స్నాప్‌డ్రాగన్ 675, 48 మెగాపిక్సెల్ కెమెరా, 3.5 ఎంఎం జాక్. కాస్త డబ్బున్న వాడి దగ్గర పోకో ఎఫ్1. జియో 399 రీచార్జ్‌కి 84 రోజులు, రోజుకి ఒకటిన్నర జీబీ. స్పాటిఫై ఇండియాలో అడుగుపెట్టి నెల కూడా కాలేదు. అంటే చవకగా డేటా, గేమ్ లాగగలిగే ఫోన్, పాటలకి కొత్త యాప్, మూడూ ఒకేసారి చేతికొచ్చాయి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా నార్వే కుర్రాడు చేసిన పాట మెట్టుగూడ సందుల్లో వినిపించేది కాదు.

అలన్ వాకర్ పుట్టింది ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో, 1997లో. పెరిగింది నార్వేలోని బెర్గెన్‌లో. సంగీతం కాలేజీలూ, గురువులూ ఏమీ లేవు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో వేసుకుని, యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. 2014లో ‘ఫేడ్’ అనే ట్రాక్‌ని నోకాపీరైట్‌సౌండ్స్ అనే లేబుల్ విడుదల చేసింది. ఈ లేబుల్ పద్ధతి మన యూట్యూబర్లకి బాగా తెలుసు: పేరు వేసి క్రెడిట్ ఇస్తే వాళ్ల పాటని వీడియోల్లో ఉచితంగా వాడుకోవచ్చు. దాంతో గేమ్ వీడియోలు చేసేవాళ్లంతా దాన్నే వెనకాల పెట్టుకున్నారు. తర్వాత అదే ట్యూన్‌కి ఇసెలిన్ సోల్‌హైమ్ గొంతు చేర్చి 2015 డిసెంబర్‌లో ‘ఫేడెడ్’గా తెచ్చారు. యూట్యూబ్‌లో దాని వ్యూస్ 300 కోట్లు దాటిపోయాయి. కాబట్టి పబ్‌జీ వాళ్లు అలన్ వాకర్‌ని వెతుక్కుంటూ వెళ్లడంలో ఆశ్చర్యమేం లేదు. అతని పాటలు పెరిగిందే గేమర్ల స్క్రీన్‌ల మీద.

ఇంకో విషయం. సబ్రీనా కార్పెంటర్ అప్పటికి మనకి దాదాపు తెలీదు. డిస్నీ ఛానెల్‌లో ‘గర్ల్ మీట్స్ వరల్డ్’ చేసిన అమ్మాయి. 2024లో ‘ఎస్ప్రెసో’తో ప్రపంచం మొత్తానికి తెలిసింది. ఇప్పుడు ఆ పాట వింటూ ‘అరె, ఈ గొంతు ఎక్కడో విన్నానే’ అనిపిస్తే, విన్నది ఎరాంగెల్ మ్యాప్ లోడ్ అయ్యే ముందు! ఫరూకో ప్యూర్టో రీకో గాయకుడు, అతని భాగం స్పానిష్‌లో ఉంటుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మనవాళ్లు దాన్ని కూడా యథాతథంగా పాడేసేవాళ్లు. ఏ భాషలో పాడుతున్నారో మనకి అక్కర్లేదు, ఊపు ఉంటే చాలు.

పాటకీ గేమ్‌కీ కుదిరిన జోడీ గురించి ఒక్క మాట. పబ్‌జీలో ప్రతి మ్యాచూ వదిలి వెళ్లడంతోనే మొదలవుతుంది. లాబీ వదలాలి. విమానం ఎక్కాలి. ఎక్కడ దూకాలో తేల్చుకోవాలి. ‘పోచింకీ వద్దురా, చచ్చిపోతాం’ అని ఒకడంటాడు, ఇంకొకడు అప్పటికే దూకేసి ఉంటాడు. కింద ఇళ్లలో ఏం దొరుకుతుందో ఎవరికీ తెలీదు. చేతిలో ఏమీ లేకుండా దిగి, దొరికిన దాంతో నెట్టుకురావాలి. కొత్త ఊరిలో మొదటి నెల గడిపిన ఎవర్నైనా అడగండి, ఇంతకంటే బాగా వర్ణించలేరు.

గేమ్ పోయింది, పాట మిగిలింది

2020 సెప్టెంబర్ 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అక్టోబర్ 30న ఇండియాలో సర్వర్లు ఆగిపోయాయి. 2021 జులైలో క్రాఫ్టన్ దాన్ని బీజీఎంఐగా తెచ్చింది, పాత అకౌంట్ డేటాని కొంతకాలం పాటు మార్చుకునే వీలూ ఇచ్చింది. ఏడాది తిరగ్గానే, 2022 జులై 28న, అదీ స్టోర్ల నుంచి మాయమైంది. మళ్లీ 2023 మే చివర్లో తిరిగొచ్చింది. ఈ రాకపోకల మధ్య ఇంటర్ పిల్లలు కాస్తా బీటెక్ ఫైనల్ ఇయర్‌కి వచ్చేశారు.

మా నలుగురి స్క్వాడ్ సంగతే చూసుకుంటే, ఒకడు బెంగళూరు, ఒకడు దుబాయ్, ఒకడు డల్లాస్. నేను ఇక్కడే, మెట్టుగూడలో. గేమ్ తిరిగొచ్చినా నలుగురం ఒకే టైమ్‌కి ఆన్‌లైన్‌లో దొరకడం లేదు. వాడికి పొద్దున్న, నాకు రాత్రి. అప్పట్లో ఇంట్లో బతిమాలి యూసీ కొనుక్కున్న డ్రెస్సులు, గన్ స్కిన్‌లు ఎవడి అకౌంట్‌లో ఉన్నాయో, అసలు ఉన్నాయో లేదో. ఆ గేమ్ నుంచి మా నలుగురి దగ్గరా ఇంకా పని చేస్తున్నది ఒక్కటే, ఈ పాట. ఎందుకంటే అది గేమ్ సర్వర్‌లో లేదు, బయట ఉంది. డబ్బు పెట్టి కొన్నవి పోయి, ఫ్రీగా విన్నది మిగలడం కొంచెం నవ్వొచ్చే విషయమే.

స్పీకర్‌లో ఎందుకు సగమే వినిపించింది?

ఇప్పుడు అసలు మన సబ్జెక్ట్‌కి వద్దాం. ఇలాంటి ఎలక్ట్రానిక్ డ్యాన్స్ పాటలో మనసు పైకి లేచినట్టు అనిపించే చోటు డ్రాప్. దాన్ని ఎలా తయారు చేస్తారంటే, ముందు కొన్ని బార్ల పాటు బేస్‌ని తీసేస్తారు. గొంతు ఒక్కటే మిగులుతుంది, లేదా గొంతుతో పాటు సన్నగా సింథ్. డ్రమ్స్ వేగం పెరుగుతూ పోతుంది. ఒక్క క్షణం దాదాపు నిశ్శబ్దం. అప్పుడు బేస్, కిక్ ఒక్కసారిగా తిరిగి వస్తాయి. కాళ్ల కింద నేల తీసేసి మళ్లీ పెట్టినట్టు ఉంటుంది.

ఇక్కడ కిక్ డ్రమ్ బరువంతా 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్‌లో ఉండే గింజంత స్పీకర్ 200, 300 హెర్ట్జ్ కంటే కింద పెద్దగా ఏమీ పలకలేదు. అలాంటప్పుడు కిక్ ఎలా తెలుస్తోంది అంటారా? ఆ శబ్దంలో పై ఫ్రీక్వెన్సీల్లో ఉండే భాగాలు విని, కింది భాగాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. కాబట్టి కిక్ ఉందని తెలుస్తుంది, ఛాతీకి మాత్రం తగలదు. పైగా డ్రాప్ అంటే బేస్ లేకపోవడానికీ రావడానికీ మధ్య తేడా. స్పీకర్‌లో ముందూ బేస్ లేదు, తర్వాతా లేదు. ఇక తేడా ఎక్కడిది? ట్యూన్ మాత్రమే మిగులుతుంది. అందుకే ఈ పాట మనకి ఈలగా గుర్తుండిపోయింది.

రెండో నష్టం స్టీరియో. ఈ తరహా సంగీతంలో సింథ్‌లని ఎడమ, కుడి చెవులకి కొంచెం తేడాతో పరిచి పెడతారు. కోరస్ రాగానే గోడలు వెనక్కి జరిగినట్టు అనిపించేది దానివల్లే. ఒకే స్పీకర్‌లో అదంతా ఒక చుక్కలోకి కుంచించుకుపోతుంది. స్టీరియో స్పీకర్లు అని బాక్స్ మీద రాసుకునే ఫోన్లు ఇప్పుడు 15 వేల లోపే దొరుకుతున్నాయి కానీ, చాలా వాటిలో రెండో స్పీకర్ అంటే కాల్స్ కోసం పైన ఉండే ఇయర్‌పీస్‌నే వాడేస్తారు. ఏమీ లేనిదానికంటే నయం, అంతకంటే ఆశించొద్దు.

అన్నట్టు, ఫ్రెండ్‌తో చెరో ఇయర్‌బడ్ పెట్టుకుని వినే అలవాటు ఉందా? చూడ్డానికి సినిమా సీన్‌లా బాగానే ఉంటుంది. కానీ ఒకరికి ఎడమ ఛానెల్, ఇంకొకరికి కుడి ఛానెల్ మాత్రమే వెళ్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే కనీసం ఇద్దరికీ పాట మొత్తం వినిపిస్తుంది. అంతకంటే మంచి దారి కూడా ఉంది. శాంసంగ్ ఫోన్లలో రెండు బ్లూటూత్ హెడ్‌సెట్లకి ఒకేసారి ఆడియో పంపే ఆప్షన్ చాలాకాలంగా ఉంది. ఐఫోన్‌లో ఎయిర్‌పాడ్స్ ఉంటే ‘షేర్ ఆడియో’ ఉంది. కొత్త ఫోన్లకి ఆరాకాస్ట్ కూడా వస్తోంది. స్టేషన్‌లో సాగనంపడానికి వచ్చినవాడితో ఆఖరిసారి కలిసి వినాలంటే ఇది పనికొస్తుంది. నవ్వకండి, చాలామంది చేస్తారు.

రైల్లో విన్నప్పుడు...

సికింద్రాబాద్ వాళ్లకి ఊరు వదలడం అంటే మొదట గుర్తొచ్చేది స్టేషనే. 1874లో వాడి నుంచి నిజాం రైలు వచ్చినప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఆ స్టేషన్ కూడా పాతదాన్ని వదిలేసింది. సుమారు 700 కోట్లతో కొత్తగా కడుతున్నారు, అందులో భాగంగా 2025 ఫిబ్రవరిలో ఆర్చ్‌లున్న పాత ముందు భవనాన్ని కూల్చేశారు. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అటు మారాయి. బయల్దేరే ముందు టికెట్ మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. చర్లపల్లికి వెళ్లాల్సినవాళ్లు క్లాక్ టవర్ దగ్గర ఆటో దిగితే ఏ పాటా కాపాడదు.

రైల్లో మనం వినే పాటకి పెద్ద శత్రువు చక్రాల మోత. అది ఎక్కువగా తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది, అంటే సరిగ్గా కిక్, బేస్ ఉండే చోటే. ఇయర్‌ఫోన్ మంచిదైనా రైలు హోరు వచ్చి బేస్‌ని కప్పేస్తుంది. మనం ఏం చేస్తాం? వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌తో అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 డెసిబెల్స్‌కి వెళ్తే వారం మొత్తానికి 4 గంటలే. విశాఖ వెళ్లే రాత్రి రైల్లో ఒక్క ప్రయాణంలోనే ఆ కోటా అయిపోతుంది.

దీనికి మందు నాయిస్ క్యాన్సిలేషన్. ఏఎన్‌సీ బాగా పని చేసేది ఇలాంటి ఏకధాటి మోత మీదే: రైలు, ఏసీ, విమానం ఇంజిన్. ‘చాయ్ చాయ్’ అని అరిచే గొంతునీ, పక్క బెర్త్ పాపాయి ఏడుపునీ అది పెద్దగా ఆపలేదు. మంచి విషయమేంటంటే, ఇప్పుడు రెండు, మూడు వేలల్లో దొరికే బడ్స్‌లో కూడా చక్రాల మోత తగ్గించేంత ఏఎన్‌సీ వచ్చేసింది. దానికంటే ముందు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. బాక్స్‌లో ఇచ్చే మూడు సైజుల రబ్బరు టిప్స్‌ని మార్చి చూడండి. చాలామంది మధ్య సైజు పెట్టుకుని మిగతావి కవర్‌తో సహా పారేస్తారు. చెవి సరిగ్గా మూసుకోకపోతే మొదట కారిపోయేది బేసే. ‘ఈ బడ్స్‌లో బేస్ లేదు’ అని మాకు వచ్చే మెసేజ్‌లలో చాలా వాటికి జవాబు టిప్ సైజే.

రైలు కదిలేదాకా మాత్రం ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌లో ఉంచండి. ప్లాట్‌ఫాం మారిందన్న అనౌన్స్‌మెంట్ వినపడాలి కదా. అమ్మానాన్నా కిటికీ బయట నుంచి చెప్పే ఆఖరి జాగ్రత్తలు కూడా. రాత్రి పది దాటాక ఇయర్‌ఫోన్స్ లేకుండా గట్టిగా పాటలు పెట్టకూడదన్నది 2022 నుంచి రైల్వే వాళ్ల రూల్.

ఇక పాటని ఎక్కడి నుంచి వింటున్నారన్నది. ఘట్‌కేసర్ దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, యాప్ ‘ఆటో’ క్వాలిటీలో ఉంటే అడిగి మరీ తక్కువ క్వాలిటీకి దిగిపోతుంది. ఇంట్లో వైఫైలోనే హై క్వాలిటీ పెట్టి డౌన్‌లోడ్ చేసుకోండి. స్పాటిఫైలో 320 కేబీపీఎస్ సెట్టింగ్ చాలు. వాట్సాప్‌లో ఎవడో పంపిన ఫైల్ వద్దు, అది ఎన్నిసార్లు కుదించబడిందో దేవుడికే తెలియాలి.

బ్లూటూత్ కోడెక్ గురించి చాలా గొడవ నడుస్తుంటుంది. ఎల్‌డీఏసీ 990 కేబీపీఎస్ దాకా వెళ్తుంది, నిజమే. కానీ జనంతో కిక్కిరిసిన బోగీలో, ఇన్ని బ్లూటూత్ పరికరాల మధ్య ఆ స్పీడ్ నిలబడటం కష్టం, పాట తెగుతూ వస్తుంది. రైల్లో ఏఏసీకి మారిపోండి. నిజాయితీగా చెప్పాలంటే రైలు మోతలో ఆ రెండింటి తేడా పట్టుకోగలిగిన చెవి నేనింకా చూడలేదు. ఇంకా ఎవరి దగ్గరైనా 3.5 ఎంఎం జాక్ ఉన్న ఫోన్ ఉంటే, ఐదారు వందల వైర్డ్ ఇయర్‌ఫోన్ ఒకటి బ్యాగ్‌లో పడేసుకోండి. ఛార్జింగ్ అక్కర్లేదు, కనెక్ట్ కాలేదన్న గోల లేదు. అప్పట్లో శత్రువు అడుగుల చప్పుడు ఆలస్యం లేకుండా వినడానికి మనమంతా వాడింది అదే.

ఈక్వలైజర్‌లో మాత్రం ‘బేస్ బూస్ట్’ జోలికి పోవద్దు. ఈ పాటల్లో కిక్ కొట్టిన ప్రతిసారీ మిగతా శబ్దాలు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తాయి. సైడ్‌చెయిన్ అంటారు. ఊపిరి పీలుస్తున్నట్టు వినిపించే ఆ కదలికే పాటకి ప్రాణం. బేస్‌ని అతిగా పెంచితే కిక్ తోక సాగిపోయి ఆ ఖాళీ నిండిపోతుంది, ఊపిరాడని పాట మిగులుతుంది. తక్కువ ధర బడ్స్ చాలావరకు కంపెనీ నుంచే బేస్ పెంచి వస్తాయి. వాటిలో 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించి వినండి. సబ్రీనా గొంతు ముందుకొస్తుంది, మాటలు అర్థమవుతాయి.

ఆ మాటలు అర్థమయ్యాకే ఒక సంగతి గమనించాను. ఇది సంబరంగా ఊరు వదిలే పాట కాదు. మోసపోయిన మనిషి, గుండె దిటవు చేసుకుని బయటికి నడవడం. చుట్టూ యుద్ధం, తుపాకులు, ఎర్రటి చంద్రుడు, అన్నీ గేమ్‌కి తగ్గట్టు పెట్టారు. వాటిని పక్కన పెడితే మిగిలేది భయం, ఆ భయంతోనే వేసే అడుగు. ట్యూన్ కూడా సంతోషపు స్వరాల్లో లేదు, దిగులు స్వరాల్లో ఉంది. ఊపు వచ్చేది కిక్ నుంచి. దిగులు పైన, ఊపు కింద. ఫోన్ స్పీకర్‌లో కింది భాగం పోయింది, మైకుల అరుపుల్లో పై భాగం పోయింది. అప్పుడు మనకి వినిపించింది మధ్యలోని ట్యూన్ ముక్క.

దేశం దాటేవాళ్లకి

విదేశాలకి వెళ్లేవాళ్లు ఎక్కేముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి. స్పాటిఫైలో డౌన్‌లోడ్ చేసిన పాటలు ఆఫ్‌లైన్‌లో ఆగకుండా ఉండాలంటే కనీసం 30 రోజులకి ఒకసారి ఆన్‌లైన్‌కి రావాలి. ఫ్రీ అకౌంట్ అయితే వేరే దేశంలో 14 రోజుల వరకే పని చేస్తుంది. ఆ తర్వాత ‘మీ దేశం మార్చుకోండి’ అని అడుగుతుంది. ప్రీమియం ఉంటే ఆ గడువు లేదు, కానీ ఇండియా ప్లాన్‌కి డబ్బు కట్టాలంటే ఇండియా పేమెంట్ పద్ధతే కావాలి, కాబట్టి ఇక్కడి కార్డు, ఓటీపీ వచ్చే ఇక్కడి నంబర్ బతికుండేలా చూసుకోండి. యూట్యూబ్ మ్యూజిక్ కుటుంబ ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. సభ్యులంతా ఒకే ఇంటి చిరునామాలో ఉండాలన్నది దాని నిబంధన.

డల్లాస్ వెళ్లిన మావాడు మొదటి 14 రోజులూ ఫ్రీ అకౌంట్‌తోనే నెట్టుకొచ్చాడు. పదిహేనో రోజు యాప్ దేశం అడిగితే, స్క్రీన్‌షాట్ తీసి పాత స్క్వాడ్ గ్రూప్‌లో పెట్టాడు. దుబాయ్ వాడు కింద ఒక్కటే రిప్లై ఇచ్చాడు: ‘దూకేయ్ రా’.